నూట పన్నెండో పేజీలో గడియ

కిందటి వారం క్లారీ హాస్కిన్‌ని మనం మెరిన్‌డూ గ్రంథాలయం వెనక గదిలో, ఒక కొత్త నవల నూట పన్నెండో పేజీ మీద వేలు పెట్టి ఉండగా వదిలాం. వేలు ఇంకా అక్కడే ఉంది. పక్కన టీ మాత్రం చల్లారింది.

ఆ పేజీలో శవం లేదు, నెత్తురు లేదు. ఒక గేటు ఉంది.

'గొలుసు కోసం చెయ్యి చాచింది. గొలుసు లేదు. దాని చోట గడియగా గుర్రపు నాడా ఒకటి ఇనప చువ్వకి అతికించి ఉంది. రెండు వేళ్ళతో పైకెత్తి ఎడమకి తోస్తే గానీ ఊడలేదు. అతుకు చుట్టూ ఇనుము ఇంకా నీలంగానే ఉంది.'

ఐదు వాక్యాలు. మామూలు పాఠకుడు వాటిని దాటుకుని వెళ్ళిపోతాడు. క్లారీ దాటలేకపోయాడు. ఆ నాడాని వెల్డింగు చేసి అతికించింది అతనే. మూడేళ్ళ కిందట, జూలై చలికాలంలో, ఒక గురువారం పొద్దున పదింటికి. అదే గురువారం సాయంత్రం ఆ గేటులోంచి బయటపడిన పెయ్య ఒకటి ఏటి రోడ్డు మలుపులో నిలబడింది. ఇంటికొస్తున్న అతని భార్య నోరీన్ కారు దాన్ని గుద్దుకుంది. పెయ్య చచ్చిపోయింది. నోరీన్ కూడా.

మర్నాడు తెల్లారగానే క్లారీ ఆ గేటుని ముక్కలుగా కోసి, ట్రాక్టరు మీద వేసుకుపోయి పాత గని గోతిలో పారేశాడు. పోలీసు కాగితాల్లో 'గొలుసు గేటు' అనే ఉంది. ముప్పయ్యేళ్ళుగా అది గొలుసు గేటే. కానిస్టేబులు చీకట్లో వచ్చి చీకట్లో పోయాడు, ఊళ్ళోవాళ్ళు చెప్పిందే రాసుకున్నాడు. క్లారీ దిద్దలేదు.

కాబట్టి ఆ నాడా సంగతి తెలియాలంటే ఆ గురువారం పదింటికీ చీకటికీ మధ్య ఆ గేటు మీద చెయ్యి వేసి ఉండాలి. క్లారీ వేశాడు. రెండింటికి ట్రాక్టరు మీద ఆ గేటు దాటి బయటికి వెళ్ళాడు. మరణ విచారణలో అడిగింది ఒకటే ప్రశ్న: దాటాక గేటు వేశారా?

గుర్తు లేదు, అన్నాడు.

అది నిజం. పదివేలసార్లు వేసిన గేటు అది. చెయ్యి వేస్తుంది, మనిషి చూడడు. వేశానని ప్రమాణం చెయ్యమంటే చెయ్యలేకపోయాడు. అతను చెయ్యలేకపోయిన ప్రమాణాన్ని ఊరు తిరగేసి చేసేసింది. క్లారీ గేటు వెయ్యలేదు, నోరీన్ పోయింది. మాంసం కొట్టులో ఆ మాట ఎవరూ అనరు. అతను లోపలికి రాగానే వాన గురించి మాట్లాడతారు.

మూడేళ్ళుగా అతను కూడా ఊరితోనే ఏకీభవిస్తున్నాడు.

*

"ఏవయ్యా క్లారీ, బతికున్నావా?" తలుపు తోసుకుని డల్సీ ప్రౌడ్ వచ్చింది. నోరీన్ తర్వాత గ్రంథాలయం ఆవిడ చేతికొచ్చింది. డెబ్భై ఏళ్ళు, రెండు చేతుల్లో రెండు పళ్ళేలు. "మూడింటికల్లా పుస్తకం సభకి జనం వచ్చేస్తారు. జాబితా ఏది?"

"అవుతోంది."

"అవుతోంది అని మొన్నట్నుంచీ అంటున్నావు. అందులో మన టామ్సిన్ నవల ఉందా లేదా? ఊళ్ళో పుట్టిన పుస్తకం మన జాబితాలో లేకపోతే జనం ఈ లామింగ్టన్ కేకులు నా మొహాన కొడతారు."

"నీ లామింగ్టన్లతో కొడితే కుట్లు పడతాయి."

"నీ నోట్లో పడాలి కుట్లు." డల్సీ ఒక పళ్ళెం బల్ల మీద పెట్టి, చల్లారిన టీ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ జాబితా నోరీన్ మొదలుపెట్టింది. ఏటా ఆగస్టులో ఒక కాగితం మీద ఆరు పేర్లు టైపు చేసి గోడకి గుచ్చేది. 'చదవదగ్గ మొదటి నవలలు' అని పైన. అన్నీ హత్యల కథలే, అన్నీ రాసినవాళ్ళ మొదటి పుస్తకాలే. ఒక్కో దానికి ఒక్క వాక్యం. మొదటివే ఎందుకని ఎవరో అడిగితే నోరీన్ చెప్పిన జవాబు క్లారీకి ఇంకా గుర్తుంది.

"మొదటి పుస్తకం రాసేవాడికి దాచుకోవడం రాదు. తనకి తెలిసిందంతా అందులో పెట్టేస్తాడు. రెండోదాన్నుంచి జాగ్రత్తపడతాడు."

ఆవిడ చనిపోయిన ఏడాది జాబితా మూడు పేర్ల దగ్గర ఆగిపోయి ఉంది. క్లారీ చదువు ఎనిమిదో తరగతి. పశువుల సంత ధరలు తప్ప ఏదీ చదివిన మనిషి కాదు. కోపంతో మిగతా మూడూ పూర్తి చేశాడు. కోపం తగ్గలేదు, ఏటా చేస్తున్నాడు. ఈ ఏడు నలభై ఒకటి చదివాడు. వాటిలో ఏరిన ఐదుగురి ఎదుట అతని వాక్యాలు ఇప్పటికే టైపయి ఉన్నాయి. 'మూడొందల పేజీలు. రెండొందలు చాలు. హంతకుడు సబబైన మనిషి.' 'రాసినవాడు గొర్రెని ఎప్పుడూ పట్టుకోలేదు. శవాన్ని బాగా పట్టుకున్నాడు.' 'ఆఖర్న అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టింది. మా ఊళ్ళో అలా కూర్చోబెడితే కిటికీ తియ్యాలా వద్దా అన్నదాని మీద ఇంకో హత్య జరుగుతుంది. అయినా చదవండి.'

ఆరో చోటు ఖాళీగా ఉంది.

టామ్సిన్ వీచ్ పుస్తకం పేరు 'ఏటివైపు గేటు'. ఆమె పశువుల డాక్టరు దగ్గర సహాయకురాలు, ముప్పై రెండేళ్ళు. నోరీన్ పోవడానికి మూడు నెలల ముందు హోబార్ట్ పట్నం నుంచి ఈ ఊరొచ్చింది.

రెండుంబావుకి ముందు గదిలో ఆమె గొంతు వినిపించింది. క్లారీ లేచి, తలుపు సందులోంచి పిలిచాడు.

"అమ్మాయ్. ఇలా రా."

*

ఆమె కొత్త చొక్కా వేసుకుంది. మెడ దగ్గర ధర చీటీ దారం ఇంకా వేలాడుతోంది. క్లారీ ఆమె వెనక తలుపు వేశాడు.

"కూర్చో."

"పర్లేదండీ, నిలబడతాను. మూడింటి నుంచీ కూర్చునే ఉండాలిగా." నవ్వింది. బల్ల మీద తన పుస్తకం తెరిచి ఉండటం చూసి నవ్వు ఇంకాస్త పెరిగింది. "చదువుతున్నారా? భయంగా ఉంది క్లారీ గారూ. మీరు అందర్నీ చీల్చి చెండాడతారని డల్సీ గారు చెప్పారు."

"ఇందులో ఎంత నిజం?"

"అందరూ అదే అడుగుతారు. అంతా కల్పితం అని రెండో పేజీలోనే వేశారు."

"రెండో పేజీ నేను చదవను. అది వకీళ్ళు రాస్తారు. నూట పన్నెండు నువ్వు రాశావు."

ఆమె వంగి పేజీ చూసింది. చదవడానికి ఎంత సేపు పడుతుందో అంతకంటే ఎక్కువ సేపు చూసింది.

"గేటు గురించి కదా. గేట్లన్నీ ఒకలాగే ఉంటాయి."

"ఉండవు."

"ఎక్కడో చూసి ఉంటాను. పని మీద రోజుకి ఇరవై గేట్లు తీస్తాను."

"ఇలాంటిది ఒక్కటే ఉండేది. మా నాన్న బండిగుర్రం నాడా అది. గురువారం పొద్దున నేను అతికించాను. శుక్రవారం పొద్దున కోసి పారేశాను. మధ్యలో ఉన్నది ఒక్క రోజు." క్లారీ గొంతు పెంచలేదు. "వెల్డింగు వేడికి ఇనుము నీలమవుతుంది. ఒక్క రాత్రి మంచు కురిస్తే ఆ నీలం పోయి తుప్పు పడుతుంది. నువ్వు నీలం చూశావు."

ముందు గదిలో కుర్చీలు ఈడుస్తున్న చప్పుడు. డల్సీ ఎవరినో తిడుతోంది.

టామ్సిన్ కూర్చుంది.

"నేను అడిగేది ఒకటే," అన్నాడు క్లారీ. "జవాబు ఏదైనా సరే, నీ నోటితో చెప్పు. నువ్వు వెళ్ళినప్పుడు ఆ గేటు వేసి ఉందా, తీసి ఉందా?"

ఆ ప్రశ్నని అతను మూడేళ్ళలో గోడల్ని అడిగాడు, కుక్కని అడిగాడు, సమాధి రాయిని అడిగాడు. నోరున్న మనిషిని అడగడం ఇదే మొదలు. తీసి ఉంది అని ఆమె అంటే చేసేదేమీ లేదు. ఇంటికి వెళ్ళి, రేపటి నుంచీ కూడా నిన్నటిలాగే బతకాలి. దానికి అతను సిద్ధంగానే ఉన్నాడు.

"వేసి ఉంది," అంది టామ్సిన్.

"ఎన్నింటికి?"

"మూడింటికి. ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ."

"నాడా పడి ఉందా?"

"పడి ఉంది. బాగా బిగుసుకుని ఉంది. కొత్తది కదా, ఎలా తియ్యాలో తెలియక నా గోరు విరిగింది. అది కూడా రాశాను. తర్వాతి పేరాలో ఉంటుంది."

క్లారీ తర్వాతి పేరా చదివాడు. గోరు ఉంది.

రెండింటికి అతను వెళ్ళాడు. మూడింటికి గేటు వేసి ఉంది. మధ్యలో ఆ దారిన పోయే నాథుడు లేడు, అది తన పొలం. చెయ్యి తన పని తాను చేసింది. క్లారీ తన కుడిచేతిని బల్ల మీద పెట్టి కాసేపు చూశాడు. చిటికెన వేలు వంకర, బొటనవేలి గోటికింద నల్లటి మరక. దాన్ని మూడేళ్ళుగా అనుమానించాడు. ఇప్పుడు దానికి ఏం చెప్పాలో తెలియలేదు.

లామింగ్టన్ల పళ్ళెం బల్ల అంచు దాకా వచ్చి ఉంది. లోపలికి జరిపాడు.

"విచారణ జరుగుతున్నప్పుడు నువ్వు ఊళ్ళోనే ఉన్నావు," అన్నాడు.

"ఉన్నాను."

"చివరి వరసలో కూర్చున్నావు. పచ్చ కోటు."

"అవును."

"నన్ను అడిగారు. గుర్తు లేదన్నాను. నువ్వు విన్నావు."

"విన్నాను." ఆమె మొహం తిప్పుకోలేదు, అదొక్కటి చెప్పుకోవాలి. "క్లారీ గారూ, ఆ రోజు నేను పాస్కోవాళ్ళ దొడ్లో ఉండాలి. ఆవు ఈనలేక అవస్థపడుతోందని ఫోనొచ్చింది, డాక్టరుగారు నన్ను ముందు పొమ్మన్నారు. దార్లో ఒక్క అరగంట ఆగుదామనుకున్నాను. మీ ఏటి గట్టు మీద చెట్ల వెనక బండి పెట్టుకుంటే ఎవరికీ కనపడదు. అప్పటికి రెండు మూడుసార్లు అక్కడ కూర్చుని రాసుకున్నాను."

"ఏం రాసుకున్నావు?"

ఆమె బల్ల మీది పుస్తకం వైపు చూసింది.

"ఆరో అధ్యాయం కుదిరింది. మొదటిసారి కుదిరింది. అరగంట రెండు గంటలయింది. నేను వెళ్ళేసరికి ఆవూ పోయింది, దూడా పోయింది. టైరు పంక్చరయిందని చెప్పాను. నమ్మారు. రెండోనాడు నోరీన్ గారి సంగతి తెలిసింది. అక్కడ ఉన్నానని చెబితే పంక్చరు అబద్ధమని తేలుతుంది. ఉద్యోగం పోతుంది, ఈ చుట్టుపక్కల ఇంకెవడూ నన్ను తన పశువు మీద చెయ్యి వెయ్యనివ్వడు." ఊపిరి తీసుకుంది. "ఎవరికీ చెప్పలేకపోయాను. రాయకుండా ఉండలేకపోయాను."

"మంచి నవలే," అన్నాడు క్లారీ. "ఒక ఆవు, ఒక దూడ, ఒక మొగుడు. దీనికి అయిన ఖర్చు."

"మీరు తిట్టండి. తిట్టాలి."

"తిడితే నీకు తేలిగ్గా ఉంటుంది. తిట్టను."

"నన్ను క్షమించమని అడగటం లేదు."

"అడక్కు. క్షమించడం మా బావమరిది పని. ఆ పని అతను బాగా చేస్తాడు."

బావమరిది అంటే నోరీన్ తమ్ముడు లెన్ ట్రెలోర్, గ్రంథాలయ సంఘానికి అధ్యక్షుడు. సమాధి దగ్గర, ఊరందరి ఎదుట, క్లారీ రెండు చేతులూ పట్టుకుని "బావా, నిన్ను నేను క్షమించాను" అన్నాడు. ఆడవాళ్ళు ఏడ్చారు. ఆ మాటతో క్లారీ నేరం ఖాయమైంది. క్షమాపణ ఇచ్చారంటే తప్పు జరిగినట్టే కదా. అప్పట్నుంచీ ప్రతి చలికాలం లెన్ ఒక బండెడు కట్టెలు తెచ్చి క్లారీ వాకిట్లో కుమ్మరించి పోతాడు. ఊరు అది కూడా చూస్తుంది.

"సరే," అన్నాడు క్లారీ. "వేసి ఉన్న గేటు తీశావు. లోపలికొచ్చి వేశావా?"

"వేశాను. నాడా పడిన చప్పుడు విన్నాను."

"తిరిగి ఎప్పుడు పోయావు?"

"ఐదింటికి."

"అప్పుడు?"

ఆమె చొక్కా మెడ దగ్గరి దారం అందుకుంది.

"తీసి ఉంది. బార్లా తీసి ఉంది."

"పెయ్యలు?"

"వంద గజాల దూరంలో. మేస్తున్నాయి."

"వెయ్యలేదా?"

"వెయ్యలేదు." గొంతు మొదటిసారి తగ్గింది. "నేను ఈ ఊరొచ్చిన మొదటి రోజే డాక్టరుగారు చెప్పింది ఒకటే మాట. మందులు తప్పు ఇచ్చినా ఓర్చుకుంటారు, గేటు తప్పు పెడితే ఓర్చుకోరు. వేసి ఉంటే వేసి వెళ్ళు, తీసి ఉంటే తీసి వదులు. వాళ్ళ పశువుల్ని ఎటు తోలుకుంటున్నారో నీకు తెలియదు, నువ్వు వేస్తే నీళ్ళకి దూరమై చస్తాయి. పొలంవాళ్ళే కావాలని తీసిపెట్టారనుకుని, ఎలా ఉన్నది అలా వదిలాను."

ఈ ప్రాంతంలో పిల్లకి నడక వచ్చాక నేర్పేది అదే. క్లారీ ఐదేళ్ళప్పుడు నేర్చుకున్నాడు. ఆ స్థానంలో తనున్నా అలాగే వదిలేవాడు. ఎవరైనా వదిలేవాళ్ళే. ఆ సంగతి అతనికి నచ్చలేదు, కానీ నిజం.

"మూడింటికి వేసి ఉంది. ఐదింటికి తీసి ఉంది," అన్నాడు. "మధ్యలో ఎవరొచ్చారు?"

"మీరు ఆ పుస్తకం ఎంతవరకు చదివారు?"

"ఇక్కడిదాకా."

"నూట నలభై చూడండి."

"నువ్వు చెప్పు."

"నాలుగింటికి రెండు బండ్లు వచ్చాయి. మీ పాత గొర్రెల పాక దగ్గర ఆగాయి. నేను చెట్ల కింద సీట్లో పడుకున్నాను, కనపడితే డాక్టరుగారికి తెలుస్తుందని." ఆమె చొక్కా దారం వేలికి చుట్టుకుంటోంది. "ముందు బండి నోరీన్ గారిది. నీలం కారు."

"నోరీన్ ఆ రోజు సాయంత్రందాకా ఇక్కడే ఉంది. ఈ గదిలో."

"లేరు. ఆవిడే. మనిషిని చూశాను, గొంతు విన్నాను. ఆవిడ దగ్గర పుస్తకాలు తీసుకునేదాన్ని, నాకు ఆ గొంతు తెలియదా?"

మూడేళ్ళలో క్లారీ ఆ గురువారాన్ని గంట గంటకీ విడదీసి చూసుకున్నాడు. నాలుగు గంటల దగ్గర నోరీన్ ఈ బల్ల వెనక కూర్చుని ఉండేది. ఇప్పుడు బల్ల వెనక ఎవరూ లేరు. ఆవిడ ఊరికీ మొగుడికీ చెప్పకుండా, వెనక దారిన తన పొలానికే వెళ్ళింది.

"రెండో బండి?"

"యూట్. వెనక సరుకుల తొట్టి ఉండే చిన్న ట్రక్కు. దిగినాయన టోపీ కిందకి లాక్కుని ఉన్నాడు, మొహం కనపడలేదు. వాదించుకున్నారు. గాలి అటు కొడుతోంది, నాకు ఒక్క మాటే తెలిసింది. ఆవిడ అరిచింది."

"ఏమని?"

"ఇవాళ రాత్రికే క్లారీకి చెప్పేస్తాను, అని."

ముందు గదిలో ఎవరో నవ్వారు. టీ గిన్నె మూత పడింది. క్లారీ పుస్తకం తన వైపు లాక్కున్నాడు.

"ముందు ఎవరు వెళ్ళిపోయారు?"

"నోరీన్ గారు. విసురుగా. ఆవిడ కారు గేటు దగ్గరికి చేరకముందే యూట్ కూడా బయల్దేరింది. ఆవిడ దిగి గేటు తీసి, కారు దాటించి, వెళ్ళిపోయింది. వెనకాలే అతను దాటాడు."

ఇక ఆమె చెప్పక్కర్లేదు. రెండు బండ్లు కలిసి వెళ్తే ముందువాడు గేటు తీస్తాడు, వెనకవాడు వేస్తాడు. దానికి చర్చ లేదు, సైగ కూడా అక్కర్లేదు. ముందువాడు వెనక్కి తిరిగి చూడడు. చూస్తే వెనకవాణ్ణి అవమానించినట్టు. నోరీన్ తిరిగి చూడలేదు. వెనక మనిషి ఉన్నాడు, వేస్తాడు అనుకుంది. గంటా ముప్పావు తర్వాత ఆ నమ్మకమే ఏటి రోడ్డు మలుపులో నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉంది.

క్లారీ పేజీలు తిప్పాడు. నూట నలభై. రెండో పేరా.

'తెల్ల యూట్. తొట్టి తలుపు మాత్రం ఆకుపచ్చ. పాతది ఊడిపోతే వేరే బండిది ఎక్కడో కొని బిగించుకున్నట్టుంది.'

"ఇలాంటి బండి కోసం మూడేళ్ళుగా చూస్తున్నాను," అంది టామ్సిన్. "ఈ జిల్లాలో లేదు. ఆకుపచ్చ తలుపు ఉన్న తెల్ల బండి ఒక్కటీ లేదు. కలగన్నానేమో అనుకున్నాను చివరికి."

"కల కాదు."

"మీకు తెలుసా?"

క్లారీ తల తిప్పాడు. కిటికీలోంచి చూస్తున్నాడు. వీధి మూలకి తెల్ల యూట్ ఒకటి రివర్సులో వచ్చి, తొట్టి ఇటు తిరిగేలా ఆగింది. తొట్టి తలుపు తెలుపే. అంత్యక్రియలు అయిన వారానికి దాని యజమాని తన చేత్తో రంగు వేసుకున్నాడు. 'మంచి బండికి అతుకులేంటి బావా' అన్నాడు అప్పట్లో. కానీ మూడు చలికాలాలు ఆ తలుపు మీదుగా ఎర్ర యూకలిప్టస్ మొద్దులు క్లారీ వాకిట్లోకి దొర్లాయి. మొద్దులు రాసుకున్న చోటల్లా తెలుపు పెచ్చులుగా ఊడింది. కింద ఆకుపచ్చ.

మూడేళ్ళుగా అది అతని వాకిట్లోకే వస్తోంది. అతను కట్టెలే చూశాడు.

క్లారీ కుర్చీ లాక్కుని, టైపు మిషను ముందు కూర్చున్నాడు. ఆరో చోటులో కొట్టాడు. ఒక్కో అక్షరం వెతుక్కుని, తొందర లేకుండా.

'ఏటివైపు గేటు. టామ్సిన్ వీచ్. రాసినావిడకి దాచుకోవడం రాలేదు. చదవండి.'

కాగితం లాగి, ఆమె వైపు చూడకుండా అన్నాడు. "నిన్ను వదిలిపెట్టలేదు. అది వేరే లెక్క. పుస్తకం చదవదగ్గది, అంతే. ఇవాళ ఇక్కడే కూర్చో, ఎక్కడికీ పోకు."

*

ముందు గదిలో ముప్పై మంది దాకా చేరారు. క్లారీ జాబితాని గోడకి గుచ్చుతుండగా వీధి తలుపు తెరుచుకుంది. పళ్ళేలు పట్టుకుని ఇద్దరు ఆడవాళ్ళు. వాళ్ళ వెనక, తలుపు పట్టుకుని, ఇస్త్రీ కోటులో లెన్ ట్రెలోర్.

"వెళ్ళండమ్మా, ముందు మీరు. తలుపు సంగతి నేను చూసుకుంటాను." వాళ్ళు వచ్చారు. అతనూ వచ్చాడు. తలుపు అలాగే వదిలేసి చేతులు చాపాడు. "బావా! ఎలా ఉన్నావు? మన అమ్మాయి పుస్తకం జాబితాలో పెట్టావన్నమాట. నోరీన్ సంతోషించేది."

ఆగస్టు చలిగాలి లోపలికి కొట్టింది. గోడ మీద జాబితా కింది అంచు లేచి టపటప కొట్టుకుంది.

"లెన్," అన్నాడు క్లారీ.

"చెప్పు బావా."

"వెనక వచ్చింది నువ్వు. వెయ్యి."

మామూలు గొంతుతోనే అన్నాడు. డల్సీ టీ పోస్తూనే ఉంది. లెన్ నవ్వబోయాడు. అతని చూపు క్లారీ మీంచి వెనక గది గుమ్మంలో నిలబడ్డ టామ్సిన్ మీదికి, ఆమె చేతిలో తెరిచి ఉన్న పుస్తకం మీదికి, కిటికీ బయట తన బండి మీదికి వెళ్ళింది. నవ్వు మొహం మీదే ఉండిపోయింది, దాని వెనక మనిషి లేడు.

"ఎందుకు బావా ఇప్పుడు," అన్నాడు మెల్లగా, "ఇంతమందిలో ఆ గేటు గొడవ?"

డల్సీ టీ పొయ్యడం ఆపింది.

క్లారీ గేటు మాట ఎత్తలేదు.